ముందు నెల చెప్పండి, ఊరు తర్వాత

మొన్న మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తాయన లిఫ్టులో కనిపించి, "మేడమ్, మీరు అడవులూ పక్షులూ అంటూ తిరుగుతుంటారు కదా, మంచి నేచర్ ప్లేసులు ఓ పది రాసివ్వండి. పిల్లల్ని తీసుకుని ఫారిన్ పోదామనుకుంటున్నాం" అన్నారు. "ఏ నెలలో?" అన్నాను. "నెలదేముందండీ, ముందు ఊరు తేలితే సెలవు పెట్టుకుంటా" అని నవ్వేసి దిగిపోయారు. నేను నాలుగో అంతస్తుకి వచ్చి, తలుపు తాళం తీస్తూ కూడా ఆ మాటే తలుచుకుంటున్నాను. నెలదేముంది అనుకునే నేను ఒకప్పుడు లక్ష రూపాయలకు పైగా పోగొట్టుకున్నాను.

మాది సూళ్ళూరుపేట. పెళ్ళయ్యాక చెన్నై వచ్చాను. టీ నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని, మేడవాక్కంలో ఇల్లు. చిన్నప్పుడు నేలపట్టులో గూడబాతుల్ని చూడ్డం మాకు వినోదం కాదు, అది సంక్రాంతి సెలవుల్లో భాగం. మా నాన్న సైకిల్ మీద దొరవారిసత్రం దాకా తీసుకెళ్ళేవాడు. చెరువులో నీళ్ళల్లో నిలబడ్డ చెట్లు, ప్రతి కొమ్మ మీదా గూళ్ళు, కింద నీళ్ళంతా రెట్టలతో తెల్లగా. ఆ నీళ్ళు పొలానికి పారితే ఎరువు కొనే పని తగ్గుతుందని అక్కడి రైతులు చెప్పుకునేవాళ్ళు. పక్షులు రాని ఏడు వాన లేని ఏడనీ అనేవాళ్ళు.

2014లో మా పాపకి నాలుగేళ్ళప్పుడు, ఇవన్నీ చూపించాలని ఉబలాటపడి మా ఆయన్నీ పాపనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. మే నెలలో. స్కూలుకి సెలవులు అప్పుడే కదా మరి. చెరువు పగుళ్ళిచ్చి ఉంది. మూడు గేదెలు, ఒక కాకి. అక్కడున్న వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి "ఇప్పుడొస్తే ఏముంటాయమ్మా, పండక్కి రావాల గానీ" అన్నాడు. సూళ్ళూరుపేటలో పుట్టి పెరిగిన మనిషికి ఈ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఇంకో నాలుగు అంటించింది: "నీళ్ళు లేని చెరువుకాడ గూడబాతులేం చేస్తాయే, నీకోసం కూర్చోనుంటాయా?"

అయినా బుద్ధి రాలేదు. 2018 మేలో శ్రీలంక వెళ్ళాం. అది నా మొదటి విదేశం. మిరిస్సా దగ్గర సముద్రంలో నీలి తిమింగలాలు కనిపిస్తాయని ఎక్కడో చూశాను. టూర్లు కట్టే ఒక మనిషి "వేల్స్ గ్యారంటీ మేడమ్" అన్నాడు. తీరా వెళ్తే నైరుతి గాలులు మొదలై సముద్రం ఉడుకుతున్న అన్నంలా ఉంది. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. తిమింగలాల సీజన్ ఏప్రిల్‌తో అయిపోయిందట. మే నుంచి అయితే తూర్పున ట్రింకోమలీ వైపు వెళ్ళాలట. ఒకే చిన్న దీవి, రెండు తీరాలు, రెండు సీజన్లు. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే అవే డబ్బులతో రెండో తీరానికి పోయేదాన్ని కదా! హోటల్ గదిలో కూర్చుని వాన చూస్తూ మూడు రోజులు దోశలు తిన్నాం.

తిరిగొచ్చాక ఆఫీసు అలవాటు కొద్దీ ఒక ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. అడ్డంగా పన్నెండు నెలలు. దేశాల పేర్లు లేవు. ఏ నెలలో భూమ్మీద ఎక్కడ ఏ జీవి ఏం చేస్తుందో ఆ గడిలో రాస్తాను. జనవరి కింద మెక్సికో కొండల్లో చెట్లని కప్పేసే మోనార్క్ సీతాకోకచిలుకలు, జపాన్‌లో ఇజుమి పొలాల్లో దిగే పదివేలకు పైగా కొంగలు. మే కింద పశ్చిమ ఆస్ట్రేలియా నింగలూ తీరానికి వచ్చే వేల్ షార్కులు, ఐస్‌లాండ్ కొండ అంచుల మీద గుడ్లు పెట్టే పఫిన్ పక్షులు. నవంబర్ కింద మన నాగాలాండ్. అక్కడ పాంగ్‌టీ దగ్గర ఆముర్ డేగలు లక్షల్లో దిగి, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, మన దేశం మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణానికి పోతాయి. 2012 దాకా వాటిని వలలేసి పట్టి అమ్మిన ఊరే, ఆ తర్వాత వాటికి కాపలా కాసింది. ఫిబ్రవరి కింద మొదటి పేరు మాత్రం బీసెంట్ నగర్. నవ్వకండి. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రిపూట తాబేళ్ళ గుడ్లని కాపాడటానికి ఇసుకలో నడిచే విద్యార్థుల బృందం 1988 నుంచీ ఉంది. వాళ్ళతో ఒక రాత్రి నడిచాక, విమానం ఎక్కితేనే ప్రకృతి అనే భ్రమ కొంచెం తగ్గుతుంది.

జీవి క్యాలెండర్ ఒక్కటీ చూసుకుంటే చాలదని తెలియడానికి ఇంకో దెబ్బ తగలాల్సి వచ్చింది. మిరిస్సా బాకీ తీర్చుకుందామని 2023 డిసెంబర్ 4కి కొలంబో టికెట్లు తీశాను. తిమింగలాల లెక్కన డిసెంబర్ బ్రహ్మాండమైన నెల. చెన్నై లెక్కన? ఆ రోజే మిచౌంగ్ తుఫాను. విమానాశ్రయం మూసేశారు. మా సెల్లార్‌లో కార్లు తేలాయి. పళ్ళికరణై చిత్తడి నేల తన పాత హద్దులు గుర్తు తెచ్చుకున్నట్టుగా వేళచ్చేరి దాకా వచ్చేసింది. తిమింగలాల నెల సరిగ్గానే చూసుకున్నాను, నేనుండే ఊరి నెల చూసుకోలేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా చెన్నై నుంచి బయల్దేరే ప్రయాణానికి నేనిప్పుడు డబ్బు కట్టను. ఎంత చవగ్గా వచ్చినా సరే.

రిపబ్లిక్ డే శుక్రవారం వచ్చిన 2024 జనవరిలో మళ్ళీ వెళ్ళాం. గంటన్నర లోపు విమానం. ఈసారి సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. అక్కడ సముద్రం అడుగున ఖండపు అంచు తీరానికి చాలా దగ్గర, అందుకే కాసేపు పడవలో వెళ్తే చాలు, లోతు నీళ్ళు వచ్చేస్తాయి. ముందు ఒక ఊపిరి, నిలువుగా కొబ్బరిచెట్టంత నీటి చిమ్ము. తర్వాత వీపు. ఆ వీపు వస్తూనే ఉంటుంది, వస్తూనే ఉంటుంది, ఇంక అయిపోయిందనుకుంటే చివర్లో చిన్న రెక్క. మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. అమ్మ మాత్రం వాంతులతో సగం చూసింది. ఒక్కటే నచ్చలేదు: ఒక తిమింగలం పైకి తేలగానే ఏడెనిమిది పడవలు దాని మీదికి ఉరకడం. మళ్ళీ వెళ్తే దూరంగా ఆగే పడవ ఏదో ముందు కనుక్కుని ఎక్కుతాను.

సరే, ఇప్పుడు నా అసలు బాధ. ప్రకృతి అంటే ఇష్టపడే ఎవరిని అడిగినా మొదట చెప్పేది కెన్యాలో మసాయి మారా, వైల్డ్‌బీస్ట్ అనే ఆవులాంటి అడవి జంతువులు మందలుగా మొసళ్ళున్న నది దాటడం. అది జులై నుంచి అక్టోబర్ దాకా. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల గడువు మామూలుగా జులై 31, ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువు సెప్టెంబర్ 30. ఆ మూడు నెలల్లో సెలవు అడిగితే మా సారు నన్ను మొసళ్ళకే వేస్తారు. అదే లెక్కన శ్రీలంకలో ఏనుగుల జాతర కూడా నాకు అందేది కాదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మిన్నేరియా చెరువు నీళ్ళు దిగితే ఆ తడి నేల మీద మొలిచే లేత గడ్డి కోసం వందల ఏనుగులు చేరతాయి. మూడో శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించిన సాగునీటి చెరువు అది. మనుషులు పొలాల కోసం కట్టుకున్న చెరువు ఏనుగులకి పుట్టిల్లయింది. నేలపట్టు చూసి పెరిగినదాన్ని, నాకిది పక్కూరి కబురులా అనిపించింది. 2019లో పంద్రాగస్టు గురువారం పడింది. శుక్రవారం ఒక్కటీ బతిమాలి పుచ్చుకుని పరిగెత్తాం. తీరా జీపు డ్రైవర్ "మిన్నేరియా వద్దమ్మా, పై రిజర్వాయర్ నుంచి నీళ్ళు వదలడంతో గడ్డి మునిగే ఉంది, కౌడుల్ల చెరువుకి పోదాం" అన్నాడు. పోయాం, చూశాం. ఒకే చోట అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. గేట్లు మనుషుల చేతిలో ఉంటే ఏనుగుల క్యాలెండర్ కూడా మారిపోతుందని అక్కడే తెలిసింది. అప్పట్నుంచీ షీట్‌లో నెల పక్కన ఇంకో చిన్న గడి చేర్చాను: బయల్దేరే వారం ముందు అక్కడి మనిషికి ఫోన్ చేసి అడగాలి.

అమ్మకి కూడా ఒక గడి ఉంది. ఆవిడకి డెబ్బై ఒకటి. ఏ దేశం పేరు చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "ఆడ బాత్రూములుంటాయా?" దీన్ని తక్కువగా చూడకండి. పొద్దున్నే నాలుగ్గంటలు జీపులోనో పడవలోనో కూర్చోవాల్సిన ప్రయాణానికి ఇంతకు మించిన ప్రశ్న ఏ ట్రావెల్ పుస్తకంలోనూ నేను చూడలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళతో కొండ ఎక్కి చూసే గొరిల్లాలకంటే, పడవలో కూర్చుంటే ఒడ్డున కనిపించే కోతులే మేలు. గొరిల్లాలకి వేరే లెక్క కూడా ఉందిలెండి. రువాండాలో పర్మిట్ 1,500 డాలర్లు, వాటి దగ్గర ఉండనిచ్చేది గంట. నిమిషానికి పాతిక డాలర్లు. నేను దగ్గినా రెండువేల రూపాయలు ఖర్చు. ఉగాండాలో 800కి వస్తుంది, అయినా మా ఇంట్లో దాని మీద ఏకాభిప్రాయం కుదరలేదు.

అలా పడవ ఎక్కి చూసే చోటు కావాలని వెతికితే మే గడిలో బోర్నియో తేలింది. మలేషియా వాళ్ళు 2023 డిసెంబర్ నుంచి మనకి వీసా అక్కర్లేదన్నారు. చెన్నై నుంచి కౌలాలంపూర్ నాలుగు గంటలు, అక్కడ్నించి సబా రాష్ట్రంలోని సండకాన్‌కి ఇంకో విమానం. సబాలో దిగగానే మళ్ళీ పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారు, దేశం ఒకటే అయినా. నాకది తెలుసు గానీ మా ఆయన "ఇదేంటి, మళ్ళీ క్యూ ఏంటి" అని టెన్షన్ పడిపోయాడు. 2024 మేలో మేం నలుగురం వెళ్ళాం. మొదట సెపిలోక్. తల్లుల్ని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లల్ని సాకి అడవికి పంపే కేంద్రం, 1964 నుంచీ ఉంది. తర్వాత కినబాతాంగన్ నది ఒడ్డున మూడు రాత్రులు.

ఆ నది మీద సాయంత్రం పూట ప్రోబోసిస్ కోతులు కనిపిస్తాయి. బోర్నియోలో తప్ప ఇంకెక్కడా ఉండవు. పగలంతా లోపల మేసి, చీకటి పడేముందు నిద్రకి నీటి ఒడ్డు చెట్లకి వస్తాయి. అందుకే పడవ సాయంత్రం బయల్దేరుతుంది. మగవాటికి వంకాయ లాంటి ముక్కు, దాని కింద బాన పొట్ట. అమ్మ బైనాక్యులర్ కాసేపు పట్టుకుని చూసి, "అచ్చం మీ తాత తమ్ముడే. ఆయనా ఇట్లే కొమ్మమీద కూర్చున్నట్టు అరుగుమీద కూర్చోనుండేవాడు" అంది. పడవ నడిపే కుర్రాడికి తెలుగు రాదు గానీ అందరం నవ్వడం చూసి తనూ నవ్వాడు. మర్నాడు పొద్దున మంచులో హార్న్‌బిల్ ఒకటి తల మీదుగా పోతే రెక్కల చప్పుడు ఎవరో గోనెసంచి దులుపుతున్నట్టు వినిపించింది. జలగలు కూడా దొరికాయి, మా ఆయనకి ప్రత్యేకంగా.

కానీ సండకాన్ నుంచి నది దాకా రెండు గంటల పైన ప్రయాణంలో కిటికీలోంచి చూసిందంతా పామాయిల్ తోటలే. ఏలూరు వైపు వెళ్ళినవాళ్ళకి ఆ చెట్లు తెలుసు, వాటిని కనుచూపు మేరా, ఆ మేర దాటాక మళ్ళీ కనుచూపు మేరా ఊహించుకోండి. నది ఒడ్డున జంతువులు అంత సులువుగా ఎందుకు కనిపిస్తాయంటే, అడవి చాలాచోట్ల నది వెంబడి సన్నని పట్టీగా మిగిలింది, వెనక్కి పోవడానికి చోటు లేదు. ఈ మాట గైడే చెప్పాడు, దాచకుండా. అప్పుడు నాకు పళ్ళికరణై గుర్తొచ్చింది. తొరైప్పాక్కం రేడియల్ రోడ్డు మీద బండి ఆపి ఫ్లెమింగోలని ఫొటో తీసి "ఎంత దగ్గరగా ఉన్నాయో!" అని వాట్సాప్‌లో పెట్టేది నేనే. ఒకవైపు పెరుంగుడి చెత్తకుప్ప, ఇంకోవైపు ఐటీ టవర్లు, మధ్యలో మిగిలిన నీళ్ళలో అవి. 2022లో ఆ చిత్తడి నేలకి, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. చాలా ఆలస్యంగా. ఒక చోట జంతువులు చాలా తేలిగ్గా కనిపిస్తాయంటే ఎందుకు కనిపిస్తున్నాయని అడగడం అప్పట్నుంచీ అలవాటు చేసుకున్నాను.

వైల్డ్‌బీస్ట్‌ల సంగతి చివరికి ఇలా తేలింది. ఒకరోజు షీట్‌లో వాటి పేరు జులై నుంచి అక్టోబర్ దాకానే ఉండటం చూసి, మిగతా ఎనిమిది నెలలూ అవి ఏం చేస్తాయి అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో! నది దాటడం వాటి తిరుగుడులో ఒక మజిలీ మాత్రమే. ఏడాదంతా వానల వెంబడి గుండ్రంగా తిరుగుతాయి. జనవరి చివరి నుంచి మార్చి దాకా టాంజానియాలో సెరెంగెటీ దక్షిణాన, ఎన్‌డుటు దగ్గర ఉంటాయి. అక్కడే ఈనుతాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పడ్డ నేల అది. కింద గట్టి పొర ఉండటంతో చెట్లు పెరగవు, పొట్టి గడ్డే, కానీ ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లులకి కావలసింది అదే. రెండు మూడు వారాల్లో నాలుగైదు లక్షల దూడలు పుడతాయి. అన్నీ ఒకేసారి ఎందుకంటే, సింహాలూ హైనాలూ ఎంత తిన్నా తరగనంతగా ఉండటానికి. ఫిబ్రవరిలో ఆడిట్ ఆఫీసు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. 2025 ఫిబ్రవరికి టికెట్లు తీశాను.

ముంబై నుంచి నైరోబీ, అక్కడ్నించి రోడ్డు మీద అంబోసెలీ నేషనల్ పార్కు చూసుకుని, నమాంగా సరిహద్దు దాటి టాంజానియాలోకి. కెన్యా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండి తీరాలి, లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి వేయించుకున్నాం. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో అరుదుగానైనా తీవ్రమైన ఇబ్బందులు రావచ్చని తెలిసి అమ్మని ఆపేశాను. పాపకి స్కూలు. ఇద్దరూ నాతో వారం రోజులు మాట్లాడలేదు. "మాకు కోతులు, నీకు సింహాలా" అని పాప.

ఎన్‌డుటులో రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి అనుకుంటాను, మా బండికి ముప్ఫై అడుగుల దూరంలో ఒక తల్లి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. మా అమ్మమ్మగారింట్లో బర్రె ఈనేముందు చేసే పనే అది. గైడ్ ఇంజన్ ఆపేశాడు. దూడ నేల మీద పడింది. మా ఆయన అప్పటిదాకా దుమ్ము గురించి సణుగుతున్నవాడు గడియారం చూడ్డం మొదలుపెట్టాడు. కాళ్ళు విరిగిపోయినట్టుగా మూడుసార్లు కూలబడింది. ఏడు నిమిషాలకి నిలబడింది. ఇంకో నాలుగు నిమిషాలకి తల్లి పక్కన పరుగు. దూరంగా ఒక హైనా నడుస్తూ వచ్చి, ఇటు చూసి, ఇంతకంటే తేలికైనది ఇంకెక్కడో ఉన్నట్టు పక్కకి మళ్ళింది. చుట్టుపక్కల మాది కాక ఇంకొక్క బండే ఉంది. నది దాటే చోట పదుల బండ్లు బారులు తీరి ఉండే ఫొటోలు చూసి చూసి ఉన్నదాన్ని. నాకు దక్కలేదని ఏడ్చిన జులై మీద కోపం అక్కడే సగం పోయింది. మిగతా సగం ఉంది. రిటైరయ్యాక చూస్తా.

మూడో అంతస్తాయనకి నిన్న షీట్ పంపాను. "మేడమ్, ఇందులో స్విట్జర్లాండ్ లేదేంటి?" అని మెసేజ్ పెట్టారు. ఉంది, జూన్ గడిలో, పూల కోసం. ఆయనకి సెలవు మే రెండో వారమట. బోర్నియో చూసుకోమని చెప్పాను. జలగల సంగతి ఇంకా చెప్పలేదు.

మాకు వచ్చే జనవరికి ఇజుమి. చలికాలమంతా కొంగలు పొలాల్లోనే ఉంటాయి, వాటికి గింజలు చల్లుతారు, బుల్లెట్ ట్రైను ఆ ఊళ్ళోనే ఆగుతుంది, కొండలెక్కే పని లేదు. బాత్రూముల గడిలో జపాన్‌కి వందకి వంద. సీటు కూడా వెచ్చగా ఉంటుందట. అమ్మకి చెప్తే నమ్మలేదు. "కొంగల్ని చూసేదానికి అంత దూరమా? మూర్ మార్కెట్‌లో లోకలెక్కితే సూళ్ళూరుపేటలో దిగొచ్చు కదే" అంది. అరగంట ఆగి, పూజగదిలోంచి అడిగింది: "నా పాస్‌పోర్టు అయిపోవస్తా ఉందంటివే, మార్పించేదానికి ఎప్పుడు పోదాం? ఫొటోకి ఆ నీలం చీర కట్టుకుంటా."